ఒక్క థ్రెడ్ దిగితే చాలదు

జూలై 4, శుక్రవారం

రమ్య లాప్‌టాప్ తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఫిషింగ్ హార్బర్ వేలంపాటలకి వాళ్ళ కంపెనీ రాస్తున్న సర్వర్. కోడు కిశోర్‌ది. చూసి పాస్ చేయాల్సింది మా మనవరాలు రమ్య. శ్రావణంలో ఇద్దరికీ నిశ్చితార్థం... కాబోయే మొగుడి తప్పులు దిద్దమని జీతమిచ్చే కంపెనీ ఇదొక్కటే అనుకుంటాను.

ప్లాంటు కంప్యూటర్ సెక్షన్లో ఉద్యోగమంతా ఇవే చూశాను. కళ్ళజోడు తుడుచుకునేలోపే కనబడింది. ప్రోగ్రాము రూట్‌గా, అంటే సర్వాధికారాలతో లేస్తుంది, పని పంచుకునే పాయలు ఎనిమిది, థ్రెడ్లని పుట్టిస్తుంది, ఆ తర్వాత అధికారం వదులుకుని మామూలు యూజర్ అవుతుంది. అయ్యాననుకుంటుంది. అన్నిటినీ దింపే లైబ్రరీ ఫంక్షన్ని పిలవకుండా నేరుగా సిస్టం గుండెకాయని, కెర్నెల్‌ని అడిగాడు. అడిగిన థ్రెడ్ ఒక్కదాన్నే కెర్నెల్ దింపుతుంది. మిగతావి కిరీటాలతోనే తిరుగుతాయి.

అతను బానే ఉందంటున్నాడంది. మరి నా దగ్గరికెందుకు వచ్చావన్నాను. లాప్‌టాప్ నా వైపు ఇంకాస్త జరిపింది.

జూలై 5

వాన. ఉక్కపోత మాత్రం అలాగే ఉంది.

ఏం గొడవో చెప్పమంది మా అమ్మాయి శాంత. పిల్ల ముఖం చూసి తల్లికి అనుమానం. బీరువా తాళాలు ఎనిమిదిమంది పనివాళ్ళ దగ్గరుంటే ఒకడి దగ్గర తీసుకుని ఇల్లు భద్రమన్నాడు నీ కాబోయే అల్లుడు, అన్నాను. పాటకొచ్చినవాడు ఆ సందులో దూరితే అందరి ధరలూ చూడొచ్చు, మార్చొచ్చు.

"అందరూ దొంగలేటమ్మా?"

ఒకడు చాలు.

జూలై 6, ఆదివారం

కిశోర్ భోజనానికి వచ్చాడు. గోదావరి మర్యాద, 'అండి' లేకుండా ఆవలించడు. వంజరం చేప పులుసు వడ్డించాక అడిగాను. లైబ్రరీ దారిన వెళ్తే అన్ని థ్రెడ్లనీ ఆపి, అన్నిటిచేతా మార్పించి గాని వదలదండి, పాటలో ఆ క్షణం కూడా ఖరీదేనండి అన్నాడు. సర్వర్ లేచేటప్పుడు ఒక్కసారి జరిగే పని! అప్పటికి పాట ఎక్కడుంది? ఫైల్ సర్వర్లు ఇలాగే చేస్తాయండి, అని ఇంకో మెట్టెక్కాడు. అవి ఒక్కో యూజర్ వేషం కాసేపు అరువు తెచ్చుకుంటాయి నాయనా, కావాలనే ఒక్క థ్రెడ్‌కి తొడుగుతాయి. నువ్వు చేయాల్సింది మళ్ళీ ఎక్కకుండా దిగిపోవడం.

"దిగాక మళ్ళీ ఎక్కి చూశావా?"

"ఎందుకండి?"

"ఎక్కగలిగితే దిగనట్టే."

చెయ్యి కడుక్కుని అక్కడే నడిపించాడు. థ్రెడ్ల యూజర్ ఐడీలు వరసగా వచ్చాయి. ఒక్కటే మామూలు, తక్కినవన్నీ సున్నా. సున్నా అంటే రూట్. చెవులు ఎర్రబడ్డాయి. సరిచేస్తానండి, ఈ సంగతి బయటికి రానివ్వకండి అన్నాడు. నాతో. రమ్య పక్కనే ఉంది.

జూలై 8

సరిచేశాడు. ముందు గ్రూపుల అధికారం, తర్వాత యూజర్ ఐడీ వదులుతుంది, అదీ థ్రెడ్లు పుట్టకముందే. చివర్లో ప్రోగ్రాము మళ్ళీ రూట్ కావడానికి ప్రయత్నిస్తుంది, కాలేకపోతేనే ముందుకు కదులుతుంది. చక్కగా రాశాడు.

చేతకానివాడైతే నాకింత కోపం ఉండేది కాదు.

జూలై 10, గురువారం

పిల్ల అన్నం ముట్టలేదు. మీటింగులో కిశోర్ చెప్పాడట... రమ్య పాస్ చేసిన కోడులో ప్రమాదం ఉంటే తాను పట్టుకుని సరిచేశానని. పాస్ చేయనేలేదు అది! అతనికి చప్పట్లు. దీన్ని హార్బర్ పనిలోంచి తీసేశారు. సోమవారం మేనేజరు పిలిచి మాట్లాడతాడట. ఉద్యోగం నిలుస్తుందో లేదో.

ఏ లైను ఎవరు రాశారో, ఎవరు పాస్ చేయలేదో, అంతా సిస్టంలోనే ఉంది. తెరిచి చూడండని రమ్య ఒక్క మాట అంటే చాలు. అన్నదంటే నిశ్చితార్థం ఉండదు.

"పెళ్లయ్యాక ఇద్దరిదీ ఒకటే పేరు గదే, ఏటైపోనాదిప్పుడు?" — శాంత.

ఒకటే పేరు. మెప్పుదల వచ్చినప్పుడు అతనిది, తిట్లు వచ్చినప్పుడు దీనిది. సర్దుబాటు బాగుంది.

జూలై 12

"అమ్మమ్మా, నువ్వైతే ఏటి సేత్తావు?"

మామూలుగా దీని నోట సగం ఇంగ్లీషే. కడుపు మండితే గాని ఇంటి మాట రాదు.

జవాబు నాలుక చివరే ఉంది. మింగాను. చెబితే నా మాట మీద తెంచుకున్నట్టవుతుంది, రేపు కష్టమొస్తే అదీ నా ఖాతాలోకే. పిరికితనం అనుకో. ఈ ఇంట్లో నా ఆజ్ఞలు చాలినన్ని చెల్లాయి.

జూలై 13, ఆదివారం

కిశోర్ కాజాలతో వచ్చాడు. రమ్య పొట్లం ముట్టుకోలేదు. పాత కోడు తెరిచి లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

"ఈ లైను ఎవరు రాసినారో నీ నోటితో సెప్పు."

నా వైపు చూశాడు. పేపరు తిరగేశాను. మంచినీళ్ళడిగాడు. శాంత లేవబోతే కూర్చోమన్నాను.

నేనేనండి, అని గొణిగాడు. మాకు తెలిసిందే, ఆఫీసులో చెప్పు, అంది పిల్ల. రేపు చూస్తానండి అని చెప్పులేసుకున్నాడు. చూస్తాడట...

గుమ్మం దాటాడో లేదో శాంత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముహూర్తం ఖాయం చేసుకోమని పంతులుగారు ఫోన్ల మీద ఫోన్లు చేత్తన్నారే, ఏటని సెప్పను?

"రేపు సాయంత్రం, నేను మేనేజరుని కలిసొచ్చేదాకా ఏటీ సెప్పకమ్మా," అంది రమ్య.