ఒక్కడినే రమ్మన్నాడట

జూన్ 8, ఆదివారం

మోకాళ్లు మాట వినడం లేదు. ఆదివారాలు నేను చదివి వినిపించే ఖటోదరా గదికి రెండు ఆటోలు మారాలి, పైన పద్నాలుగు మెట్లు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో వారమంతా అరిచిన గొంతుతోనే అక్కడా అరవాలి — మన ఊళ్ల నుంచి ఇంత దూరం వలసొచ్చి మరమగ్గాల మధ్య బతికేవాళ్లకి చెవులు సగమే పనిచేస్తాయి. వాళ్లలో నర్సయ్య ముందు కూర్చుంటాడు. నేను చదివింది వెనక వరసకి పెదవులతో, చేతులతో చేరవేస్తాడు. కార్ఖానాలో ఆ చప్పుడు మధ్య వాళ్లు మాట్లాడుకునేది అలాగేనట.

ఈ వారం చదివింది — చెరకు తోటలో బానిసగా పుట్టి, దొర గుర్రబ్బండి తోలిన మనిషి నడివయసులో ద్వీపమంతా లేపిన భాగం. ఇంగ్లీషు పుస్తకం. డ్యూటీకి ముందు రోజుకి రెండు పేజీలు తెలుగులో రాసుకుంటున్నాను. ఎవరడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. ఆయన పేరు నోరు తిరగక వీళ్లు "బండన్న" అని పెట్టుకున్నారు. నా అనువాదం కంటే అదే బాగుంది, ఒప్పుకోవాలి.

జూన్ 10

రెండు పేజీలు కాదు, అర పేజీ. కూర్చున్నచోటే కునుకు…

జూన్ 12, గురువారం

నర్సయ్య కౌంటర్‌కి వచ్చాడు. టికెట్ కోసం కాదు. పని వేళల్లో కార్ఖానా యజమాని సేఠ్ షట్టర్‌కి బయట నుంచి తాళం వేయిస్తాడట, మగ్గాలు వదిలి ఎవరూ కదలకూడదని. మొన్న మీటర్ బోర్డులో నిప్పురవ్వలు లేచాయి. తాళంచెవి ఉన్నవాడు టీకి వెళ్లాడు. పది నిమిషాలు లోపలి నుంచి షట్టర్ బాదారట. చెప్తుంటే నర్సయ్య చెయ్యి గాలిలో బాదుతూనే ఉంది.

తాళం వద్దని సేఠ్‌కి ఇవ్వడానికి హిందీలో ఒక కాగితం రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. వెనక క్యూలో విసుగు, సూపర్‌వైజర్ చూపులు. మొదటి సంతకం తనదేనన్నాడు. జాగ్రత్త అన్నాను — అలవాటుగా, అందరితో అన్నట్టే.

జూన్ 15, ఆదివారం

ఉత్తరం దాకా చదివాను. సముద్రం దాటి వచ్చిన సైన్యాధికారి బండన్నకి మర్యాదగా రాసిన ఉత్తరం. రా, మాట్లాడుకుందాం, నీకేమీ కాదు.

తర్వాతి పేజీలు సంచిలోనే ఉన్నాయి. పోయిన నెలే రాసి పెట్టాను. కానీ గొంతు పోయింది, కాళ్లు పీకుతున్నాయి, ఐదైంది. పైగా అందరి మొహాల్లో అంత సంతోషం… దాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు.

కాదు. ఓపిక లేదు. అదే నిజం.

"పోయిండా?" నర్సయ్య.

వెళ్లాడన్నాను. మిగతాది వచ్చే వారం అన్నాను. నోటుబుక్ మూసేశాను.

జూన్ 17

వాన మొదలు. కౌంటర్ ముందంతా గొడుగుల నీళ్లు. రాసిందేమీ లేదు.

జూన్ 20, శుక్రవారం

పోశన్న ఫోన్ చేశాడు — నర్సయ్య పక్క మగ్గం అతనిది. నిన్న సేఠ్ మనిషి వచ్చాడట. కాగితం సంగతి ఊరి బయట పల్సానాలో, సేఠ్ కొత్త కార్ఖానా ఆఫీసులో మాట్లాడదామన్నాడట. ఒక్కడినే రమ్మన్నాడట. వీళ్లు వద్దన్నారు. పోతే నలుగురం పోదామన్నారు. నర్సయ్య వినలేదు.

"బండన్న గూడ పోయిండు గద, మాట్లాడితె ఏమైతది అన్నడమ్మా."

రాత్రికి రాలేదు. పొద్దున కూడా రాలేదు.

కంచం ముందు కూర్చుని లేచిపోయాను.

జూన్ 21

ఫోన్ స్విచాఫ్. ఊరెళ్లిపోయాడని సేఠ్ మనిషి. రాలేదని ఊళ్లో ఉన్న భార్య రాజవ్వ. పెద్దవాడే కదా, వస్తాడులే, సోమవారం దాకా చూడమని పోలీసులు.

డ్యూటీలో రెండు టికెట్లు తప్పు తేదీకి కొట్టాను. నేను! ముప్పై ఏళ్ల సర్వీసులో!

జూన్ 22, ఆదివారం

గది నిండా మనుషులు. ముందు చోటు మాత్రం ఖాళీ, ఎవరూ కూర్చోలేదు. చేరవేసేవాడు లేడు. వెనక వాళ్లంతా లేచి ముందుకొచ్చి, చదువుతున్న నా పెదవులే చూస్తున్నారు. ఇంతమంది నన్ను అలా చూడటం ఎప్పుడూ లేదు.

ఆ పేజీలు చదివాను. మాటలకని పిలిచి చుట్టుముట్టారు. చేతులు కట్టారు. ఓడెక్కించారు. మంచు కొండ మీద కోటలో ఒంటరి గది… కట్టెలు తగ్గించారు, తిండి తగ్గించారు. చలికి కుర్చీలోనే పోయాడు. నేను ఒక్క మాటా వదల్లేదు. అరిచే చదివాను.

తర్వాత చెప్పాను. ఈ పేజీలు పోయిన వారమే నా సంచిలో ఉన్నాయని, అలిసిపోయి మూసేశానని. చదివి ఉంటే నర్సయ్య ఆగేవాడేమోనని. అందరి ముందూ ఏడుపొచ్చింది. సిగ్గేసింది.

పోశన్న నీళ్ల చెంబు నా ముందు పెట్టాడు.

"చదివినా పోతుండెనమ్మా. గని ఒక్కడు పోకపోతుండె."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ద్వీపంలో మిగిలినవాళ్లు ఏం చేశారని ఎవరో అడిగారు. మళ్లీ లేచారు, గెలిచారు. ఆ పేజీ కూడా చదివాను. ఎవరూ సంతోషపడలేదు. రేపు పని ఆపి, అందరూ కలిసి పల్సానా పోవాలని అనుకున్నారు. మీరొద్దమ్మా, సర్కారు నౌకరి ఉన్నది, అన్నారు. నేనూ వస్తానన్నాను. ధైర్యం కాదు. ఇంట్లో కూర్చోలేను, అంతే.

జూన్ 23, సోమవారం

సెలవు చీటీ. కారణం — సొంత పని. రాసి పంపాను.

ఖటోదరా రోడ్డు మీద పదకొండుమందిమి. ఇరవైమంది వస్తామన్నారు. ఎదురు చూస్తున్నాం… ఇక రారు. టెంపోవాడు తొందర పెడుతున్నాడు. వాన సన్నగా పడుతోంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

రాజవ్వ ఫోన్. ఏడవడం లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం నర్సయ్య ఆమెకి ఫోన్లో కథ చెప్పేవాడట. ఆరోజు విన్నదంతా. ఉత్తరం చూసి బండన్న వెళ్లాడన్న దగ్గర ఆపాడట, మిగతాది అమ్మగారు ఇంకా చదవలేదని.

"పోయినంక ఏమైందమ్మా ఆయనకు?"

వాక్యాలన్నీ నాకు నోటికొచ్చు. 

మేమందరం పల్సానాకే పోతున్నాం అన్నాను. ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.