మా పాప ఎందుకూ పనికిరాదు

హిందూపురం,
3 మార్చి 1941, సోమవారం.

నాయనకు, అవ్వకు నీలావతి దండాలు.

ఈ రోజు బడి మొదలవగానే ఒక వింత జరిగింది. కొత్తగా వచ్చిన యశోదమ్మ టీచరు మా లెక్కల పేపర్లు ఇచ్చి, వాటిని బోర్లించి పెట్టమన్నారు. "వంద మార్కుల్లో పిల్ల మొత్తం పట్టదు. మిగతాది మీ ఇంటివాళ్ళు నాకు ఉత్తరంలో రాయాలి" అన్నారు. పెనుకొండ హాస్టల్లో మా బడికి ఇచ్చిన ఒక్క ఉచిత సీటును ఆ ఉత్తరాలు చూసి ఇస్తారట.

నా పేపరు బోర్లించడమే మంచిదయింది. పద్నాలుగు వచ్చాయి.

చిన్నాయనకు గుడిబండకు బదిలీ అయిన సంగతి నీకు తెలుసు. నెలాఖరుకు చిన్నమ్మ వాళ్ళు ఈ ఇల్లు ఖాళీ చేస్తారు. గుడిబండలో పై తరగతులు లేవు, ఆ సీటు రాకపోతే నాకు ఇక చదువు లేదు. కాబట్టి నేను ఎలాంటిదాన్నో టీచరుకు రాసి పంపు. పదిహేడో తేదీలోగా ఇవ్వాలి.

నీ కూతురు,
నీలావతి.

తా.క.: ఈ రోజు "సమగ్రం" అనే మాట నేర్చుకున్నాను. ఏదీ వదలకుండా అని అర్థం. అవ్వ గిన్నె అడుగు ఊడ్చినట్టు. నన్ను గురించి సమగ్రంగా రాయి.

ధర్మవరం,
6 మార్చి, గురువారం.

నీలమ్మకు నాయన ఈశ్వరప్ప దీవెనలు. ఈడ అందరం బాగుండాము.

మగ్గం ఆపి రాసినా. టీచరమ్మకు ఇయ్యాల్సింది కింద ఉండాది. చదివి, చించి ఇయ్యి.

"టీచరమ్మగారికి ఈశ్వరప్ప దండాలు. మా పాప ఎందుకూ పనికిరాదు. బెల్లం తెమ్మంటే బెల్లం యాడన్నా పెట్టేసి, చుట్టిన కాయితం చదువుతా కూర్చుంటాది. పట్టుదారం కండెలకు చుట్టమంటే రంగులకు పేర్లు పెడతాది, ఇది వానకు ముందరి పచ్చ, అది అలిగిన పచ్చ అని. నేను చీర అంచులో నెమలిని నేస్తాంటే, అది ఏమి ఆలోచిస్తాందని అడుగుతాది. ఆ పొద్దు నాకు పోగులన్నీ తప్పుతాయి. పక్కింటి కుళ్ళాయమ్మవ్వకు చూపు లేదు. ఆ ముసలామె కాడ కూర్చుని, వీధిలో ఎవురు ఎట్ల నడుస్తాండారో చెబుతా అన్నం చల్లార్చుకుంటాది. లెక్క అడిగితే పారిపోతాది. ఏమి చేస్తాము, మా ఖర్మ."

మీ నాయన.

తా.క.: తల్లి లేని బిడ్డను కాయితం మీద పొగిడితే దిష్టి తగులుతాదని అవ్వ గట్టిగా చెప్పింది. కవరుకు ఉప్పు మిరపకాయలు తిప్పి, రవ్వంత మిరపపొడి లోపల కూడా వేసింది. టీచరమ్మ తుమ్మితే ఏదో ఒకటి చెప్పుకో.

హిందూపురం,
8 మార్చి, శనివారం.

నాయనకు నీలావతి దండాలు, కొంచెం కోపంతో.

నీ కవరు విప్పగానే చిన్నమ్మ, చిన్నాయన, పాలు పోయడానికి వచ్చిన తిమ్మక్క అందరూ తుమ్మారు. తరువాత నేను ఏడ్చాను. మిరపపొడి వల్ల అనుకున్నారు.

దీన్ని టీచరుకు ఎలా ఇవ్వను నాయనా? మా తరగతి నాగరత్నమ్మ వాళ్ళ నాయన ఎంత గొప్ప మాటలతో రాశాడో తెలుసా? నీది ట్రంకు అడుగున దాచేశాను. ఇంకొకటి రాయి. మాటలు నేనే ఇస్తున్నాను, వరుసగా ఎక్కించు చాలు: సుగుణవతి, వినయశీల, విద్యాభిలాషిణి, సకలకళాకోవిద. బెల్లం సంగతి వద్దు. నెమలి అసలే వద్దు.

సీటు కోసం ఎదురుచూసే
నీలావతి.

తా.క.: అవ్వను కవరు దగ్గరికి రానివ్వకు.

ధర్మవరం,
12 మార్చి, బుధవారం.

నీలమ్మకు నాయన దీవెనలు.

నువ్వు చెప్పినట్టే రాసి ఇందులో పెట్టినా. చదువుకున్నదానివి, నీకే తెలుస్తాది. అవ్వకు వినిపిస్తే, "ఎవురి బిడ్డప్పా ఈ పిల్ల" అనింది. మన పాపేనంటే నమ్మలేదు. "సరేలే, మన నీలమ్మను గురించి ఎప్పుడు రాస్తావు" అని ఇప్పటికీ అడుగుతానే ఉండాది.

మీ నాయన.

తా.క.: సకలకళాకోవిద అంటే ఏందని పోస్టు ఆంజనప్పను అడిగినా. "ఏదో జబ్బు మాదిరి ఉండాదే, డాక్టరుకు చూపియ్యప్పా" అన్నాడు. నీకు ఒంట్లో బాగుండాదా?

హిందూపురం,
28 మార్చి, శుక్రవారం.

నాయనకు నీలావతి దండాలు.

సీటు నాకు రాలేదు. చౌడేశ్వరికి వచ్చింది. వాళ్ళమ్మ ఒక పేజీ నిండా తిట్టి పంపిందట, ఈ పిల్ల మేకపిల్లలను తన దుప్పట్లో పడుకోబెడుతుందని, చెబితే వినదని.

నాకెందుకు రాలేదని టీచరును అడిగాను. నీ రెండో ఉత్తరం తీసి చూపించారు. "ఇలాంటివి సగం వచ్చాయి నీలావతీ. అందరూ సుగుణవతులే. ఇందులో నిన్ను చాలాసేపు వెతికాను, కనపడలేదు" అన్నారు.

ఇంటికి పరుగెత్తి, ట్రంకు అడుగున ఉన్న మొదటి ఉత్తరం తెచ్చి ఇచ్చాను. టీచరు తుమ్మారు. బెల్లం దగ్గర నవ్వారు. కుళ్ళాయమ్మవ్వ దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. కళ్ళు తుడుచుకున్నారు. మిరపపొడి వల్లేనేమో, నాకు తెలియదు.

"ఇది పదిహేడో తేదీన నా చేతికి వచ్చి ఉంటే" అన్నారు. ఆ వాక్యం పూర్తి చేయలేదు. చౌడేశ్వరి పేరు అప్పటికే పెనుకొండకు వెళ్ళిపోయింది. నేను ఇన్ని మాటలు నేర్చుకున్నాను కదా, ఆ వాక్యాన్ని పూర్తి చేయడానికి నా దగ్గర ఒక్కటీ లేదు.

ఉత్తరం తిరిగి ఇమ్మంటే, "ఇది నా దగ్గర ఉండనీ" అన్నారు.

ఇప్పుడు రాస్తున్నది పోస్టులో వేయను. రేపు పొద్దున బండికి చిన్నాయన నన్ను ధర్మవరం తీసుకొస్తున్నాడు. నోటితో చెప్పలేను కాబట్టి, మగ్గం దగ్గర నీ చేతికే ఇస్తాను. నువ్వు చదివినంతసేపు అవ్వ వెనక నిలబడతాను.

ఎందుకూ పనికిరాని
నీలావతి.

తా.క.: చదివాక ఒక్క మంచి మాట కూడా అనకు నాయనా. ఆ మొదటి ఉత్తరంలో మాదిరి తిట్టు.