కాయ కొయ్యడానికైతే అనుభవం కావాలట

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫొటోకి దండ వేసి మామిడి కోతకెళ్ళాను. ఒళ్ళు మండిపోయి మధ్యలోనే తిరిగొచ్చాను.

మన పంచాయతీ ప్రెసిడెంటు సీటు ఈసారి ఆడవాళ్ళకి వచ్చింది. ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికి పెద్దలంతా తోటలో షెడ్డు కింద కూర్చున్నారు. తోట ఆసామి, అక్కడే మంచినీళ్ళు అందిస్తున్న తన కోడలి పేరు చెప్పాడు. ఆ అమ్మాయి పంచాయతీ ఆఫీసు గడపైనా తొక్కి ఎరగదు.

"ఏ అనుభవమూ లేదు కదండీ" అన్నాను.

"ప్రెసిడెంటుకి అనుభవం ఎందుకమ్మా? సంతకం పెడితే చాలు. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పుడే పక్క ఊరాయన ఒకడు కోతలో పని అడగడానికి వచ్చాడు. "ఎన్నేళ్ళ నుంచి కోస్తున్నావ్?" అని అడిగింది ఈ ఆసామే. ఇదే మొదలంటే పొమ్మన్నాడు. కొత్తవాళ్ళు కోస్తే తొడిమ ఊడిపోయి, సొన కారి, కాయ మచ్చపడుతుందట!

కాయకున్న విలువ ఊరికి లేదా? ఉండబట్టలేక గట్టిగానే అనేశాను.

"పంచాయతీ మెంబరైన కొత్తలో మా అక్కకీ ఏమీ తెలీదండీ. చదువూ రాదు. అయినా అంతా చదివించుకుని వింటే తప్ప ఒక్క కాగితం మీదా వేలిముద్ర వెయ్యలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు ఆసామి.

నేను గంప అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టాను. తోట గేటు దాకా ఆ కోడలు వెనకే వచ్చింది.

"మీ అక్కకి కాగితాలు ఎవరు చదివి పెట్టేవాళ్ళు?" అని మెల్లగా అడిగింది.

"నేనే" అన్నాను.