నీ బ్యాటుకు రెండో గ్రిప్పు

వనజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు ఎమ్మిగనూరు టీచర్లతో షటిల్ పోటీలు జరిగాయి. జోడీగా ఆడడానికి నువ్వు లేవు కాబట్టి సింగిల్స్‌లో పేరిచ్చి, నీ బ్యాటుతోనే ఆడాను.

మీ ఆయన దాన్ని నాకిచ్చి ఆరు నెలలైంది. నీ స్మాష్‌ల కోసం కొన్న బ్యాటు కదా, తల బరువు. పది నిమిషాలు ఆడేసరికి నా మణికట్టు లాగేసేది. ఆదోనిలో షాపాయనకు చూపిస్తే, "గ్రిప్పు అరిగిపోయిండాది, తీసేయల్లమ్మా" అన్నాడు. దాని మీద నీ బొటనవేలు నొక్కిన గుంట ఇంకా ఉంది. తీయొద్దన్నాను.

"అట్లయితే దీని మిందనే ఇంగోటి సుడతా. పిడి బరువైతే తల తేలిగ్గా అనిపిస్తాది."

నిజమే వనజా! పిడి కాస్త లావైంది గానీ, బ్యాటు నా మాట వింటోంది. నీలా స్మాష్ కొట్టబోయి రెండుసార్లు నెట్‌కే కొట్టాను. నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. అయినా మూడో గేమ్‌లో గెలిచాను!

ఓడిన అమ్మాయి వచ్చి బ్యాటు ఊపి చూసింది. "శానా బాగుండాది. మీదేనా అక్కా?"

"మా ఇద్దరిదీ" అన్నాను.

నీ
సరళ