శనివారం వదిలేసి వచ్చిన ఇనుప జేసీబీ

కడప

ప్రేమగల మేరక్కకు నీ చెల్లెలు సలోమి వందనాలు. దేవుని కృప వల్ల ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నువ్వూ బావా ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మా ఆయన పక్కనే ఉంటాడు, సగం మాటలు మింగాల్సి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

కడపకు వచ్చి మూడు నెలలైనా ఈ ఎండ అలవాటు కాలేదు. ఆయన కాలేజీ బస్సు నడుపుతున్నాడు. నేను బట్టల కొట్టులో పొద్దంతా చీరలు విప్పడం, మడవడం. సంగటి బాగానే ఉంటుంది గానీ నాకు జొన్నరొట్టె మీదే ప్రాణం. ఎవరైనా ఇటు వస్తే రెండు శేర్ల పిండి పంపు. మేం బాగానే ఉన్నాం, దిగులు పడకు.

నా దిగులంతా రూతు గురించే. ఆరేళ్ల పిల్లకు ఈ సందులో ఒక్క తోడు లేదు. పక్కన ఇల్లు కడుతున్నారు. బేల్దారి పనివాళ్ల పిల్లలు ఇసుక కుప్ప మీద విరిగిన టిప్పర్లు, ట్రాక్టర్లు పెట్టుకుని రోడ్లు వేస్తుంటారు. మా రూతు ఆడుకుంటానని పోతే, "బండి లేనోళ్లకు ఈడ పని లేదు, పో" అన్నారట. అప్పటి నుంచి జేసీబీ కావాలని ఒకటే పోరు.

కొట్లన్నీ తిరిగాను. "ఆడపిల్లకు జేసీబీ యాలమ్మా, వంటసామాన్ల సెట్టు ఉండాది సూడు" అంటాడొకడు. వండీ వండీ నేను చచ్చేది చాలదా? పట్టుబట్టి కొత్త జేసీబీనే కొన్నాను. లైట్లు వెలుగుతాయి, పాట పాడుతుంది, మట్టి మాత్రం తవ్వదు. రెండో రోజుకే తొట్టి ఊడింది. మార్చమంటే "ఆడుకుంటే ఊడదా మా?" అన్నాడు. ఆడుకోకపోతే బీరువాలో పెట్టి దాచుకుంటారా!

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తుంటే, రోడ్డు పక్కన పాత సామాన్లు అమ్మే మస్తాన్ తాత దగ్గర ఇనుప జేసీబీ కనపడింది. ఎవరో వెల్డింగు షాపులో చేయించిందట. రంగు పోయింది గానీ చెయ్యి పైకీ కిందికీ చక్కగా ఆడుతోంది. కొందామంటే మా ఆయన, ఆదివారం కొనుగోళ్లు చేయకూడదన్నాడు. వారమంతా తాను తిరగడు, దొరికిన రోజు నన్ను కొననివ్వడు. ఒళ్లు మండిపోయింది. తాతే పాపం, "యాడికి పోతాదమ్మా, శనివారం ఇంటికాడికి రా, తీసి పెట్టుంటా" అన్నాడు.

శనివారం పోయాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, శనివారం ఇనుము ఇంటికి తేకూడదని అమ్మ చెప్పేది. ప్రతి వారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేదాన్ని, శనికి భయపడ్డానక్కా. అక్కడే పెట్టేసి వచ్చాను. సోమవారం ఒక పూట సెలవు పెట్టి పోయి తెచ్చాను.

రూతు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తింది. ఇసుక కుప్ప లేదు. పిల్లలూ లేరు. పని అయిపోయిందని ఆదివారం మధ్యాహ్నమే వాళ్లంతా ట్రాక్టరెక్కి వేరే చోటికి పోయారట. శనివారమే తెచ్చి ఉంటే బిడ్డ ఒక్క సాయంత్రమైనా ఆడుకునేది. మా ఆయన్ని తిట్టిన నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను.

"వాళ్లు గూడా మన మాదిరే పోయినారా మా?" అని అడిగింది. అవునన్నాను.

"మరి వాళ్లకు ఆ సోట ఆడుకునేకి ఎవురన్నా ఉండారా?" అంది. దాని చెయ్యి పట్టుకుని ఆ ఇంటి వాచ్‌మన్ దగ్గరికి పోయాను.

అతన్ని అడిగితే, వాళ్లు ఊరి బయట కొత్త ప్లాట్ల దగ్గర ఉండొచ్చన్నాడు, అదీ అనుమానంగానే. కొట్టువాళ్లు సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా రేపు దీన్నీ దీని జేసీబీనీ ఆటోలో వేసుకుని అక్కడికి పోతున్నాను.

బావకు, పెద్దమ్మకు, పాస్టరయ్యగారికి మా వందనాలు చెప్పు. మేం పోయేసరికి ఆ పిల్లలు అక్కడే ఉండాలని ప్రార్థన చెయ్యి. ఈ ఉత్తరం నీకు అందేలోగా మేం పోయి వచ్చేసి ఉంటాం. అయినా సరే, చెయ్యక్కా.

నీ చెల్లెలు,
సలోమి