అలలు లేని చోట

అన్నా,

నువ్వు పోయాక వచ్చిన తొలి కార్తీక పౌర్ణమి ఇది. నూజెండ్ల నుంచి లారీలో అందరం సూర్యలంక సముద్రానికి వచ్చాం.

"ఈడ అలల్లేవు, చానా నిమ్మళంగా ఉంది. ఈడే మునుగుదాం రండే" అని పెద్దమ్మ ఆడవాళ్లను పిలిచింది. కాలవ నీళ్లు తప్ప ఎరగని మనవాళ్లకు అదే మేలనిపించింది. నాకు మాత్రం కాలవ నీళ్లకు కాపలా కాసే నీ లస్కరు పని గుర్తొచ్చింది. సాగర్ కాలవలో బెండు వేసి, గట్టున దాని వెంట నడిచి, నీటి వడి ఎంతో చెప్పేవాడివి. పైకి కనపడే నీళ్లను నమ్మొద్దు, బెండును నమ్మమనేవాడివి.

అందరినీ ఆపి, దీపం పెట్టిన అరటి దొప్పను అక్కడ వదిలాను. మనిషి నడక కంటే వేగంగా అది నేరుగా సముద్రం లోపలికి కొట్టుకుపోయింది. పక్కన అలలు విరిగే చోట వేసిన ఖాళీ దొప్ప ఒడ్డుకే తిరిగొచ్చింది. అక్కడే, మోకాటి లోతులో మునిగాం.

"ఆ పోయిన దీపం ఎవురి పేరున తెచ్చావురా?" అంది పెద్దమ్మ.

నీ పేరునే తెచ్చాను. మా అందరికంటే ముందు నువ్వే దిగి చూశావు, అన్నా.