సున్నం డబ్బా అయిపోయిన సంగతి

ఏజాక్స్,
మంగళవారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి సరోజనకు,

కొమరయ్య దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, మన రిషితా, అల్లుడు మహీధరూ ఒంటికి క్షేమంగానే ఉన్నాం. మనసుల సంగతి కింద రాస్తాను. నువ్వూ, నీ అంగన్‌వాడీ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. పచ్చడి డబ్బాల నడుమ నువ్వు పెట్టి పంపిన ఉత్తరం అందింది. నూనె మరక పడింది గాని అక్షరాలు పోలేదు. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరాలేమిటని బిడ్డ నవ్వుతుంది. ఇక్కడి ఇళ్ళ గోడలు వట్టి అట్టముక్కలు. పై గదిలో దగ్గితే కింది గదిలోంచి ఏమైందని అడుగుతారు. ఇప్పుడు నేను చెప్పబోయేది అట్లాంటి ఇంట్లో ఫోనులో చెప్పే సంగతి కాదు. ఎదురింటి మధుసూదన్ శుక్రవారం హైదరాబాద్ వస్తున్నాడు. అతని చేతికిస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చలి తగ్గింది, అయినా రోడ్డు పక్కన మంచు కుప్పలు ఇంకా మిగిలే ఉన్నాయి. మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. అల్లుడు బిడ్డను బాగా చూసుకుంటున్నాడా అని అడిగావు. చూసుకుంటున్నాడు. గిన్నెలు కూడా కడుగుతాడు. మొదటి రోజు అది చూసి నేనే సిగ్గుపడ్డాను. ఇప్పుడు అతను కడుగుతుంటే తుడిచి పెట్టేది నేను. మనం ఊళ్ళో ఈ సంగతి చెప్పకపోయినా నష్టం లేదు.

ఆదివారం పూట బిడ్డ ఫోను ఎందుకెత్తదని అడిగావు. మూడు నెలలు రావలసిన సున్నం డబ్బా మూడు వారాలకే ఎట్లా అయిపోయిందని, మేకలా తమలపాకులు నములుతున్నావా అని కోపం కూడా చేశావు. ఆ రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. అది రాయడానికే కూర్చున్నాను. నువ్వు కూడా కూర్చునే చదువు.

పోయిన నెలలో ఒక సోమవారం ఇద్దరూ డ్యూటీలకు పోయారు. నాకు ఏమీ తోచక, బట్టలన్నా ఉతుకుదామని బేస్‌మెంటులోకి దిగాను. ఇక్కడ ప్రతి ఇంటికీ నేల కింద ఒక గది ఉంటుంది, మిషనూ పాత సామానూ అక్కడే పెడతారు. నాలుగు మెట్లు దిగానో లేదో వాసన తగిలింది. కల్లు గీస్తూ ముప్పై రెండేళ్ళు తాళ్ళెక్కిన ముక్కు ఇది. ఏదో పులుస్తోంది. మూలన మోకాలెత్తు తెల్ల బకెట్టు ఉంది. దానికి మూత బిగించి, మూతలోంచి ఒక గొట్టం తీసి, ఆ గొట్టం కొసను నీళ్ళ సీసాలో ముంచారు. సీసాలో బుడబుడమని ఒకటే బుడగలు. పక్కన పెద్ద స్టీలు గంగాళం, దానిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం.

సరోజనా, గుడుంబా! నా బిడ్డ కాపురం చేసే ఇంట్లో గుడుంబా బట్టీ! ఆ మెట్టు మీదనే కూలబడ్డాను. మన దగ్గర ఎక్సైజు వాళ్ళు వచ్చి కుండలు పగలగొట్టి మనుషుల్ని జీపెక్కించడం నేను కళ్ళారా చూసినవాడిని. ఇక్కడి పోలీసులు దేశంలోంచే వెళ్ళగొడతారేమో, ఇక్కడే ఉండిపోవడానికి వీళ్ళకిచ్చిన పీఆర్ కాగితం ఏమవుతుందో అని భయపడ్డాను. బట్టలు ఉతకలేదు. అన్నం తినలేదు. సాయంత్రం అల్లుడు ఇంట్లో కాలు పెట్టగానే పట్టుకున్నాను.

"కింద నడిపే దందా ఎన్ని రోజుల సంది అల్లుడూ?" అన్నాను.

అతని మొహం పాలిపోయింది. "మామయ్య గారూ, అది నాది కాదండీ" అన్నాడు.

"మరి ఎవలది? ఇంట్ల ఉండేటిదే ఇద్దరు."

 వెనకాలే బిడ్డ వచ్చింది. భుజం మీద బ్యాగు కూడా దించకుండా, "నాది బాపు" అంది.

 అల్లుడి మీద అరవడానికి పొద్దుటినుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. మన రిషిత! ఎమ్మెస్సీ చదివి, పాల ఫ్యాక్టరీలో పాలూ పెరుగూ పరీక్ష చేసే ఉద్యోగమని మనం పదిమందికీ చెప్పుకున్న రిషిత!

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అది గుడుంబా కాదు, బీరు. రాగి గొట్టం మరిగిన రసం చల్లార్చడానికట. సొంతానికి ఇంట్లో కాచుకుంటే ఇక్కడ నేరం కాదట. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల రసంలో హాప్స్ అనే తీగ పువ్వు వేసి మరిగిస్తారు. ఫ్రీజర్‌లో కరివేపాకు పక్కన ఆకుపచ్చ గుళికల ప్యాకెట్టు ఉండేది. నేను చేతికి పెట్టుకునే మైదాకు అనుకునేవాణ్ణి. అదే హాప్స్. ఒక గుళిక నోట్లో వేసుకుంటే వేపాకు నయమనిపించింది. నలిపితే మాత్రం నారింజ తొక్క వాసన.

"దీన్ని ఐపీఏ అంటరు బాపు. దాంట్ల ఇది గట్టి రకం, మామూలు బీరుకు రెండింతల కిక్కు ఉంటది. హాప్స్ గూడ మస్తుగ ఏస్తరు. చేదూ, తీపీ, ఘాటూ మూడు సమానంగ తేవాలె. అది తేవుడే కష్టం" అంది. ఆ చెప్పడంలో దాని కళ్ళు చూడాలి నువ్వు. పెళ్ళినాడు కూడా అంత వెలుగు లేదు.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. పక్క ఊళ్ళో హెలెన్ అనే ఆమె చిన్న బీరు కంపెనీ నడుపుతుంది. మన బిడ్డ రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అక్కడికి పోయి ట్యాంకులు కడిగి, పని నేర్చుకుంటోంది. నీ ఫోను ఎత్తనిది అందుకే. నీ సొంత చేత్తో గట్టి ఐపీఏ ఒకటి కాచి తీసుకురా, నాకు నచ్చితే నిన్ను బీరు కాచే బ్రూయర్‌గా పెట్టుకుంటాను అని హెలెన్ అందట. ఆ బకెట్టు అదే. పాల ఫ్యాక్టరీ మానేసి ఇదే బతుకుతెరువుగా చేసుకుంటుందట. "అమ్మకు నువ్వే జెర చెప్పు బాపు, నాకు భయం" అంది. నేను లేచి పైకి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం కింద ఫట్‌మని చప్పుడైంది. దిగి చూస్తే హాప్స్ పిప్పి గొట్టానికి అడ్డంపడి, బకెట్టు మూత ఎగిరి అవతల పడింది. నురగ పొంగి నేలంతా పారుతోంది. తుడిచాను. గొట్టం కడిగాను. మూత పెట్టబోతూ లోపలికి చూశాను. తెల్లటి నురగ, కింద కుతకుతమని ఉడుకుతున్నట్టు రసం. మన పండుతాడు చెట్టు మీదనుంచి కల్లు లొట్టి దింపగానే, కుండ మూతిలో కనిపించేదే అది. దేశంకాని దేశంలో, నేల కింద, నా బిడ్డ బకెట్టులో అదే నురగ.

సరోజనా, కల్లు పులవకుండా తియ్యగా ఉండాలంటే లొట్టికి లోపల ఏం పూస్తామో నీకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నా లొట్లకు పూసి ఇచ్చింది నువ్వే. నా జేబులో సున్నం డబ్బా ఉంది. దానిలో ఉన్నదంతా వేలితో గీకి ఆ రసంలో వేశాను. అంటుకున్నది కూడా వదలకుండా డబ్బాను కూడా దాంట్లోనే జాడించాను. కర్రతో కలిపి, మూత పెట్టి, పైకొచ్చి టీవీ చూశాను.

మూడో రోజుకు బుడగలు నిలిచిపోయాయి. బిడ్డ గాజు కడ్డీ ముంచి చూసేది, కాగితం మీద రాసుకునేది, మళ్ళీ చూసేది. పులియబెట్టే ఈస్టు కొత్తది తెచ్చి కలిపింది. బకెట్టుకు దుప్పటి చుట్టింది. దాని పక్కన నేల మీద మఠం వేసుకుని కూర్చుని మూతకు చెవి ఆనించి వినేది. నేను మెట్ల మీదనుంచి చూశాను. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకుండానే మళ్ళీ పైకి ఎక్కాను. హెలెన్ రుచి చూడవలసిన శనివారం వచ్చింది. బిడ్డ ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతో వచ్చింది.

మొన్న ఆదివారం పొద్దున బకెట్టు ఖాళీ చేస్తూ నన్ను పిలిచింది. అడుగున తెల్లటి మడ్డి ఉంది.

"బాపు, ఏమనుకోకు. దీంట్ల సున్నం ఏసినవా?" అంది.

 అది కోపం చేయలేదు. "పులిసి పాడైతదని ఏసినవ్ గదా? ఇది పులవాలెనని నీకేమెరుక పాపం. మా ఫ్యాక్టరీ మిషన్ల పరీక్ష చేసిన్నాడే నాకు సమజైంది. హెలెన్‌కు నీ పేరు చెప్పలేదు. నాదే పొరపాటని చెప్పిన" అంది.

బిడ్డ తప్పు తన మీద వేసుకుంది సరోజనా. పరాయి మనిషి ముందు పని చేతకానిదాన్నని ఒప్పుకుని వచ్చింది. ఎవరి కోసం? నేను అప్పుడైనా నిజం చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఏమీ ఎరగనివాడిలా తల ఊపాను. "పోనీ తియ్ బాపు" అని నా వీపు నిమిరింది. ఆ చెయ్యి పడ్డచోట ఇంకా మండుతూనే ఉంది.

సున్నం వేస్తే ఏమవుతుందో నాకు తెలియదా? ఊళ్ళో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. ఆపడానికే వేశాను. అది మత్తు కాకూడదని, హెలెన్‌కు నచ్చకూడదని, నా బిడ్డ మళ్ళీ పాల ఫ్యాక్టరీకే పోవాలని వేశాను. నీకు దాచకుండా రాస్తున్నాను.

నిన్నంతా అన్నం సయించలేదు. ఈ పొద్దున అది డ్యూటీకి తయారవుతుంటే ఎదురుగా నిలబడి చెప్పాను.

"తెలిసే ఏసిన బిడ్డా. చెడగొట్టాల్ననే ఏసిన."

అది నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరవను. తిట్టినా బాగుండేది. నేను ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. చూడు బిడ్డా, నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు నీ దగ్గర కల్లు వాసన వస్తోందని పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారని టీచరమ్మ మాతో చెప్పింది. కల్లు లొట్లు కట్టే సైకిల్ మీదనే నిన్ను కూడా బడికి తీసుకుపోయేవాణ్ణి. మర్నాటినుంచి మానేశాను. నువ్వు వారం రోజులు ఏడ్చావు. బడిలో ఏడిపిస్తున్నారని మీ అమ్మా నేనూ కుమిలిపోయాం. ఈ వాసన మా బిడ్డకు జన్మలో తగలనివ్వమని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఒట్టు కోసం వేశాను, అన్నాను.

 అల్లుడు వంటింట్లో నీళ్ళ పంపు కట్టేసి నిలబడిపోయాడు.

"నేను ఏడ్సింది దానికి కాదు బాపు. ముక్కు మూసుకున్నోళ్ళను నేనే కొట్టిన. నువ్వు నన్ను సైకిల్ ఎక్కించుకునుడు బందు పెట్టినవ్, దానికి ఏడ్సిన. నాతోని పోనీకి నీకు శరమైతుందనుకున్న. నీ వాసన నాకెప్పుడు మంచిగనే ఉండేది" అంది.

ఇరవై ఒక్క ఏళ్ళు, సరోజనా. 

చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అంది: "ఆదివారం మళ్ళ కాస్తున్న. హెలెన్ ఇంకొక్కసారి చూస్తా అన్నది, ఇదే ఆఖరు. నువ్వు వస్తే నా పక్కన నిలవడు. లేదంటే పైన కూసో. చాటుగ మాత్రం దిగకు." పోయొస్తా అని కూడా అనకుండా పోయింది.

నేను పక్కనే నిలబడతాను. గంగాళం కలపమంటే కలుపుతాను, నేల తుడవమంటే తుడుస్తాను. హెలెన్ దగ్గరకు అల్లుణ్ణి తోడు తీసుకుపోయి, తప్పు నాదని నా నోటితో చెప్పి వస్తాను. ఆ ఒట్టు మనిద్దరిదీ. నా వంతు నేను తీసేశాను. నువ్వు ఒప్పుకుంటావో లేదో నాకు తెలియదు. తిట్టదలిస్తే నన్ను తిట్టు, ఎంతసేపైనా వింటాను. బిడ్డకు మాత్రం ఫోను చేసి ఆ మూడో తరగతి సంగతి నువ్వు కూడా ఒకసారి అడుగు. నేను రాశానని నమ్మకు, దాని నోటితోనే విను. వారం రోజులు మన కళ్ళ ముందు ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావు బిడ్డా అని మనం ఒక్కనాడు అడగలేదు.

ఇట్లు,
రిషిత బాపు,
కొమరయ్య.